బీరువాలోని సరస్వతి

(శరన్నవరాత్రులలో మూలా నక్షత్రం నాటి సాయంకాల ప్రసంగ పాఠం)

శ్రీ సరస్వత్యై నమః.



ఈ రోజు మూలా నక్షత్రం. అమ్మవారిని సరస్వతీ రూపంలో అలంకరించి అర్చించుకొనే పుణ్యదినం. ఉదయం నుండి మీరందరూ చూస్తూనే ఉన్నారు. పిల్లలు పలకలు, పుస్తకాలు, కలములు తెచ్చి అమ్మవారి పాదాల చెంత పెట్టి, కుంకుమ అద్దించుకొని సంతోషంగా తీసుకొని పోతున్నారు. ఇండ్లలో పెద్దలు కూడ బీరువాలు తెరచి, దుమ్ము దులిపి, రామాయణ భారత భాగవతాలను పీటమీద పేర్చి, పసుపు కుంకుమలతో పూజించి, మరల బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. ఆ తాళాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేయాలని ఈ సాయంకాలం మీ ముందు నిలబడినాను.

ధర్మకర్తలు నన్ను విద్యాదానాన్ని గురించి చెప్పమన్నారు. విద్యాదానమనగానే మనకు పాఠశాలలు కట్టించడం, పేదపిల్లలకు జీతాలు కట్టడం, వేదపాఠశాలకు బియ్యం పంపడం గుర్తుకు వస్తాయి. అవి చాల గొప్ప పనులు. వాటిని చేసినవారే వాటిని గురించి చెప్పాలి. నేను చెప్పబోయేది అంతకంటె చిన్న విషయం. మన ఇంట, మనం చదువుకొన్న ఒక పుస్తకాన్ని, మన స్నేహితుని చేతిలో పెట్టి "ఇది ఇక మీది" అనడం. అరువు ఇవ్వడం కాదు, ఇచ్చివేయడం. చిన్న విషయమన్నాను గాని, చేయబోతే తెలుస్తుంది అది ఎంత పెద్దదో.

మన పెద్దలు గోవును, భూమిని, సరస్వతిని అతిదానాలుగా లెక్కించారు. శివధర్మోత్తరమనే ప్రాచీన శైవ గ్రంథంలో విద్యాదానానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. గ్రంథాన్ని శ్రద్ధగా వ్రాయించి, దానిని దేవతామూర్తినివలె పూజించి, మంగళవాద్యాలతో ఊరేగించి శివాలయానికి తీసుకొని వెళ్ళి సమర్పించే విధానమంతా అందులో వివరింపబడినది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవరాజుల కొలువులో ఉన్న హేమాద్రి తన చతుర్వర్గ చింతామణిలోని దానఖండంలో గోదాన భూదానాలతో పాటు విద్యాదానాన్ని కూడ విస్తరించి చెప్పినాడు. భాగవతం ద్వాదశ స్కంధం చివరి అధ్యాయంలో, భాద్రపద పూర్ణిమనాడు భాగవత గ్రంథాన్ని బంగారు సింహాసనం మీద ఉంచి దానం చేసినవాడు పరమగతిని పొందుతాడని ఉన్నది. ఆ గ్రంథం తనను తాను బీరువాలో భద్రపరచుకోమని చెప్పలేదు. తనను ఇవ్వమని చెప్పి ముగిసింది. ఈ సంగతి నేను ఎన్నో పారాయణలలో చదివి, తలకు ఎక్కించుకోకుండా పుట మూసివేసినవాడనే.

ఆ కాలంలో పుస్తకమంటే ఏమిటో కూడ ఒక్క క్షణం తలచుకోవాలి. తాటాకు మీద గంటంతో ఒక్కొక్క అక్షరం గీకి, మసి పూసి, తాడు కట్టి తయారుచేసిన వస్తువు. ఒక పురాణం వ్రాయడానికి నెలలు పట్టేది. వ్రాసి వ్రాసి నడుము వంగిపోయిన లేఖకుడు చివరి ఆకు మీద చదువరికి ఒక విన్నపం చేసుకొనేవాడు. నడుము విరిగింది, మెడ వాలిపోయింది, చూపు మందగించింది, ఇంత కష్టపడి వ్రాసినాను, దీనిని బిడ్డవలె కాపాడండి అని. పుస్తకమే మాట్లాడుతున్నట్లుగా మరొక విన్నపం కూడ ఉండేది. నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి నన్ను రక్షించండి, మూర్ఖుని చేతికి మాత్రం ఇవ్వకండి అని. ఇవికాక, పుస్తకమూ ధనమూ పరుల చేతికి పోతే పోయినట్లే అన్న సామెత ఉండనే ఉన్నది. మా ఇంట మా తండ్రిగారి పుస్తకాల బీరువా తలుపుకు లోపలి వైపున ఆ సామెతే ఒక చీటీమీద వ్రాసి అతికించి ఉండేది. నేను పెరిగి పెద్దవాడనైన తరువాత కూడ దానిని తీసివేయలేదు. పుస్తకం అడిగినవారికి నవ్వుతూ ఆ చీటీ చూపించడం నాకొక సరదా.

కాని ఆ లేఖకుని మాట మరొకసారి వినండి. మూర్ఖుని చేతికి ఇవ్వవద్దన్నాడు. అంటే తగినవాని చేతికి ఇవ్వవచ్చునని అర్థమే గదా! గీతాచార్యుడు కూడ పదునెనిమిదవ అధ్యాయం చివర సరిగ్గా ఇదే క్రమంలో చెప్పినాడు. తపస్సు లేనివానికి, భక్తి లేనివానికి, వినగోరనివానికి దీనిని చెప్పకుమని మొదట హద్దు గీసి, వెంటనే మరుసటి శ్లోకంలో, నా భక్తుల మధ్య దీనిని చెప్పేవాడు నన్నే చేరుతాడని అన్నాడు. మనం మొదటి శ్లోకాన్ని గట్టిగా పట్టుకొని రెండవదానిని వదిలివేస్తున్నాము. మొదటిది తాళానికి సౌకర్యంగా ఉంటుంది మరి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. కిందటి సంవత్సరం ఈ మండపంలోనే ఒక యువకుడు నన్ను అడిగినాడు కూడ. తిరిగి మనకు ఉపకారం చేయలేనివానికి ఇచ్చినదే సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయంలో ఉన్నది. స్నేహితుడు మనకు ఎన్నోసార్లు ఉపకారం చేసినవాడు, రేపు కూడ చేయబోయేవాడు. అతనికి ఇచ్చినది దానమెట్లా అవుతుంది? ఇచ్చిపుచ్చుకోవడమవుతుంది గాని!

మంచి ప్రశ్న. అప్పుడు నేను తొందరపడి ఏదో చెప్పి తప్పించుకొన్నాను. ఇంటికి వెళ్ళి తైత్తిరీయం తెరచి చూచినాను. శీక్షావల్లిలో గురువు శిష్యుని ఇంటికి పంపుతూ ఎట్లా ఇవ్వాలో చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వాలి, అశ్రద్ధతో ఇవ్వరాదు, ఉన్నంతలో ఇవ్వాలి, సిగ్గుతో ఇవ్వాలి, భయంతో ఇవ్వాలి, చివరగా సంవిత్తుతో ఇవ్వాలి అని. ఈ సంవిత్తు అన్న మాటకు శంకర భగవత్పాదులు భాష్యంలో మైత్రి మొదలైనదని అర్థం చెప్పినారు. అంటే స్నేహం దానానికి అడ్డు కాదు, దానం నడిచే బాటలలో అదీ ఒకటి. గీత వద్దన్నది స్నేహితుని కాదు, ప్రతిఫలం మీది చూపును.

పుస్తకం విషయంలో ఆ చూపు చాల సన్నగా ఉంటుంది. డబ్బు ఇస్తే వడ్డీ ఆశిస్తామేమో. పుస్తకం ఇచ్చి ఏమి ఆశిస్తాము? వారం తిరగకుండా "చదివినారా?" అని అడుగుతాము. చదివినానంటే "ఎట్లా ఉన్నది?" అంటాము. బాగున్నదంటే తృప్తి, అంతగా నచ్చలేదంటే మనసులో ముల్లు. ఆ మిత్రుడు మన వీధిలోకి రావడానికి కూడ జంకే స్థితి వస్తుంది. ఇది నా అనుభవం. ఒక వేదాంత గ్రంథం ఇచ్చి ఒక మిత్రుని ఆరు నెలలు అట్లా వేధించినాను. చివరకు ఆయన పుస్తకాన్ని తిరిగి తెచ్చి నమస్కారం పెట్టి వెళ్ళినాడు. తప్పు ఆయనది కాదు.

సిగ్గుతో ఇవ్వాలన్నారు. ఎందుకు సిగ్గు? ఇస్తున్నది ఇంత కొంచెమే గదా అని. మనం మాత్రం ఇచ్చేది చూస్తే సిగ్గు మరొక కారణానికి రావాలి.

కఠోపనిషత్తు ఆరంభం మీకందరికీ తెలిసినదే. వాజశ్రవసుడు సర్వస్వదానం చేసే యాగం తలపెట్టి గోవులను ఇస్తున్నాడు. బాలుడైన నచికేతుడు ప్రక్కన నిలబడి చూస్తున్నాడు. ఆ గోవులెటువంటివి? ఇక నీరు త్రాగబోనివి, గడ్డి మేయబోనివి, పాలు పిండడం అయిపోయినవి, ఈనే శక్తి ఉడిగినవి. ఇటువంటివాటిని ఇచ్చినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడని ఆ పసివాడు తన తండ్రిని తలచుకొని కలతపడ్డాడు. యముని ఇంటికి దారి అక్కడ మొదలైనది.

నేను పది సంవత్సరాల క్రితం ఇల్లు మారుతూ మూడు గోతాల పుస్తకాలు ఒక గ్రంథాలయానికి పంపినాను. పంపినానని నలుగురికి చెప్పుకొన్నాను కూడ. అక్కడి గ్రంథపాలకుడు సౌమ్యుడు. ఒక గోతం విప్పి నా ముందే బల్లమీద పేర్చినాడు. గడచిన సంవత్సరాల పంచాంగాలు, పాఠ్యక్రమం మారిపోయి పనికిరాని పరీక్షల గైడ్లు, పెండ్లిలో ఎవరో ఇచ్చిన పుస్తకానికి రెండవ ప్రతి, చెదలు తిన్న వ్రతకథలు, రైలు వేళల పుస్తకం. ఆయన ఏమీ అనలేదు. "అయ్యా, పాత కాగితాల కొట్టు ఇక్కడికి రెండు వీధుల అవతల ఉన్నది, మీకు శ్రమ ఎందుకు, మేమే పంపుతాము" అన్నాడు. ఆనాడు నాకు నచికేతుడు కనిపించినాడు. పాలు పిండుకోవడం అయిపోయిన గోవులను తోలుకొని వచ్చినవాడను నేనే. పాలిచ్చే గోవులన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి.

పాలిచ్చే గోవును ఇవ్వడమంటే ఎట్లా ఉంటుందో మన గోదావరి తీరానే జరిగిన ఒక సంఘటన చెబుతాను. శ్రీ చైతన్య మహాప్రభువు 1510లో సన్న్యాసం స్వీకరించి దక్షిణదేశ యాత్రకు బయలుదేరినారు. అప్పుడు ఈ గోదావరి ప్రాంతం ప్రతాపరుద్ర గజపతి ఏలుబడిలో ఉండేది. ఆయన తరఫున ఇక్కడ పాలన సాగిస్తున్న రామానంద రాయలు మహాభక్తుడు. నదీతీరాన ఇద్దరూ కలుసుకొన్నారు. ఆ తావు కొవ్వూరు రేవని భక్తులు భావిస్తారు. రాత్రులకు రాత్రులు వారి భగవత్కథా ప్రసంగం సాగినది. తిరిగి వస్తూ కలుస్తానని చెప్పి ప్రభువు దక్షిణానికి వెళ్ళినారు.

ఆ యాత్రలో ఆయన సంపాదించినవి రెండే రెండు. తిరువట్టారు ఆదికేశవస్వామి ఆలయంలో బ్రహ్మసంహితలోని ఒక అధ్యాయం దొరికినది. కృష్ణవేణీ తీరంలో వైష్ణవులు లీలాశుకుని కృష్ణకర్ణామృతం చదువుకొంటుంటే విని పరవశించి, దానికి కూడ ప్రతి వ్రాయించుకొన్నారు. కృష్ణదాస కవిరాజు బెంగాలీలో వ్రాసిన చైతన్య చరితామృతంలో ఈ వృత్తాంతమంతా ఉన్నది. చేతిలో మరొక సంపద లేని సన్న్యాసి ఆ రెండు గ్రంథాలను మహారత్నాలవలె మోసుకొని గోదావరికి తిరిగి వచ్చినారు. వచ్చి ఏమి చేసినారు? రామానందుని చేతిలో పెట్టినారు. మీరు నాతో చెప్పిన భక్తిసిద్ధాంతానికి ఈ రెండు గ్రంథాలు సాక్ష్యమన్నారు. ఇద్దరూ కలిసి చదివి ఆనందించినారు. రామానందుడు రెండింటికీ ప్రతులు వ్రాసి ఉంచుకొన్నాడు. తరువాత పురీక్షేత్రంలో, వంగదేశం నుండి వచ్చిన భక్తులకు ప్రభువు ఆ గ్రంథాలను చూపి వ్రాసుకొమ్మన్నారు. ఒక్కొక్కరే వ్రాసుకొని తీసుకొని వెళ్ళగా అవి దేశమంతటా వ్యాపించినవి. మన కృష్ణాతీరంలో వినబడిన కర్ణామృతం వంగదేశంలో ఇంటింటి పారాయణ గ్రంథమైనదంటే, మొదట ఒక మిత్రుడు ఒక మిత్రుని చేతిలో దానిని పెట్టినందువల్లనే.

ఇదే మహాప్రభువును గురించి మరొక కథ ప్రచారంలో ఉన్నది. పూర్వాశ్రమంలో తాను వ్రాసిన న్యాయగ్రంథాన్ని చూచి తోటి విద్యార్థి తన గ్రంథానికి ఇక విలువ ఉండదని దుఃఖపడగా, మిత్రునికోసం తన గ్రంథాన్ని గంగలో విడిచినారని. త్యాగం గొప్పదే. కాని ఒక పుస్తకం నీటిపాలు కావడం నాకు మింగుడుపడదు. నాకు గోదావరి కథే ఇష్టం.

దాచుకొన్నవారి కథ కూడ ఒకటి ఉన్నది. భగవద్రామానుజులు బ్రహ్మసూత్రాలకు భాష్యం వ్రాయ సంకల్పించి, బోధాయనవృత్తి కోసం శిష్యుడైన కూరేశునితో కాశ్మీరానికి వెళ్ళినారని గురుపరంపర చెబుతున్నది. గ్రంథం లభించినది. తిరిగి వస్తుండగా అక్కడి పండితులు ఓర్వలేక వెంటబడి దానిని లాక్కొని పోయినారు. ఆచార్యులు చింతిస్తుంటే, కూరేశుడు చేతులు జోడించి, స్వామీ, ప్రతిరాత్రి మీరు విశ్రమించిన తరువాత నేను దానిని చదివినాను, అంతా నా మనసులో ఉన్నదని విన్నవించినాడు. ఆ కూరేశుడే లేఖకుడుగా శ్రీభాష్యం వెలసినది. తాళం వేసుకొన్న ప్రతి ఈనాడు ఎక్కడా కనబడదు. శ్రీభాష్యం ఇంకా పాఠం చెప్పబడుతూనే ఉన్నది.

ఈ కథలన్నీ నాకు ముందునుంచీ తెలుసు. ఉపన్యాసాలలో చెప్పి కరతాళధ్వనులు కూడ అందుకొన్నాను. ఇప్పుడు మరొక సంగతి చెప్పాలి. చెప్పడానికి కష్టంగా ఉన్నా చెబుతాను.

నాకొక మిత్రుడుండేవారు. తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. బంధుత్వమేమీ లేకపోయినా వరుస కలిపి నన్ను "బావగారూ" అని పిలిచేవారు. ఒక సంవత్సరం దీపావళి వెళ్ళిన మరునాడు మా ఇంటికి వచ్చి, "బావగారూ, ఈ కార్తీకంలో భాగవత పారాయణ చేయాలనుకొంటున్నాను. మీ నాన్నగారి ప్రతిలో అక్షరాలు పెద్దవి. నా కండ్లకు ఇప్పుడు అవే ఆనుతాయి" అన్నారు. అది వావిళ్ళవారి ప్రతి. మా తండ్రిగారు పెన్సిలుతో గుర్తులు పెట్టుకొన్నది. గజేంద్రమోక్షం దగ్గర కర్పూరం మసి అంటిన మరక కూడ ఉన్నది. నేను వెంటనే, "దానికి బైండింగు ఊడిపోయిందండీ. కుట్టించి నేనే తెచ్చి ఇస్తాను" అన్నాను.

బైండింగు ఊడిన మాట నిజమే. కుట్టించాలన్న ఉద్దేశం మాత్రం నాకు లేదు. ఆయన ఇంకొక మాట అడగలేదు. కాఫీ త్రాగి వెళ్ళినారు. కార్తీకం గడచిపోయింది. తరువాత కూడ ఎన్నోసార్లు కలిసినాము, ఆ ప్రస్తావన ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మాఘమాసంలో ఆయన కాలం చేసినారు.

పండ్రెండవనాటి కార్యాలు ముగిసిన తరువాత ఆయన కుమారుడు ఒక గుడ్డసంచి తెచ్చి నా ముందు పెట్టినాడు. నాన్నగారు మీకు ఇమ్మన్నారండీ అన్నాడు. నాలుగు పుస్తకాలు. ప్రతిదాని మొదటి పుటలో వణికిన అక్షరాలతో నా పేరు, క్రింద తిథి. కార్తీకమాసపు తిథులే. అందులో ఒకటి కృష్ణకర్ణామృతం. ఎన్నో ఏండ్ల క్రితం వారింటిలో దానిని చేతిలోకి తీసుకొని, అచ్చు ఎంత ముద్దుగా ఉన్నదని నేను మెచ్చుకొన్నానట. నాకు జ్ఞాపకం లేదు. ఆయనకున్నది. నేను భాగవతం ఇవ్వని ఆ నెలలోనే ఆయన తన పుస్తకాలను నాకు వ్రాసి పెట్టుకొన్నారు.

మరునాడే భాగవతాన్ని బైండరు వద్దకు తీసుకొని వెళ్ళినాను. రెండు రోజులలో కుట్టి ఇచ్చినాడు. రెండే రోజుల పని.

అది ఈనాడు మా ఇంట లేదు. మా ఇద్దరికీ మిత్రులైన మరొకరికి ఇచ్చినాను. వారు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు. ఇచ్చేటప్పుడు చేయి ముందుకు చాచగలిగినాను గాని వ్రేళ్ళు పుస్తకాన్ని కొంతసేపు వదలలేదు. ఆయన నవ్వి, "తొందర లేదులెండి" అన్నారు. తైత్తిరీయం చెప్పిన సిగ్గు ఎటువంటిదో అప్పుడు తెలిసినది.

ఇప్పుడు అన్ని గ్రంథాలూ చేతిలోని ఫోనులోనే దొరుకుతున్నాయి, పాత పుస్తకాలు ఎవరికి కావాలి అని కొందరు అంటారు. దొరకడం మంచిదే. నేనూ చూస్తాను, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. ఆ సౌకర్యం మా మిత్రునికి తెలిసి ఉంటే ఆయన నన్ను అడగవలసిన పని ఉండేది కాదు. అయితే ఆయన అడిగినది అక్షరాల కోసం మాత్రమేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

మీలో ఎవరికైనా ఈ పని చేయాలనిపిస్తే ఒకటి రెండు మాటలు. ముందుగా మీ బీరువాలో ఇతరుల పుస్తకాలు ఎన్ని ఉన్నవో చూడండి. నేను వెదికితే మూడు దొరికినవి, ఒకదాని మీద గ్రంథాలయం ముద్ర కూడ ఉన్నది! వాటిని తిరిగి ఇవ్వడం ఋణం తీర్చడమే గాని దానం కాదు. తరువాత ఇంటిలోనివారిని అడగండి. మా ఇంట ఆమె, మీ వేదాంతాలు ఏవైనా ఇచ్చుకోండి, నా పెద్దబాలశిక్ష జోలికి మాత్రం రావద్దన్నది. అది న్యాయమే. ఆ తరువాత మిత్రుని అడగండి. ఆయనకు వద్దంటే బలవంతం చేయకండి. వారి ఇంట కూడ చోటు ఉండాలి గదా. మొదటి పుటలో వారి పేరు, తిథి వ్రాయండి. లోపల మీరు పెట్టుకొన్న గుర్తులను చెరపకండి. ఇచ్చిన తరువాత ఆ పుస్తకం ఊసెత్తకండి. వారు మరొకరికి ఇచ్చినా బాధపడకండి.

త్వరలోనే విజయదశమి. పీటమీది పుస్తకాలకు ఉద్వాసన చెప్పి మరల బీరువాలోనికి చేర్చే రోజు. ఆ సాయంకాలమే శమీపూజ చేసి, జమ్మి ఆకును బంగారమని మిత్రుల చేతిలో పెట్టి ఆలింగనం చేసుకొంటాము. ఈసారి బయలుదేరేముందు పీటమీది వరుసలో మీకు మిక్కిలి ఇష్టమైనది ఏదో చూచుకోండి, జమ్మితో పాటు అది కూడ చేత పట్టుకొని వెళ్ళండి. మా మిత్రుడు ఇచ్చిన నాలుగింటిలో మూడు నేను చదివి ఇచ్చివేసినాను. కర్ణామృతం ఇంకా నా దగ్గరే ఉన్నది. విజయదశమినాడు దానిని ఎవరికి ఇవ్వవలెనో నిశ్చయించుకొన్నాను గాని, ఇచ్చేవరకు నా మాట నమ్మకండి.

తీర్థప్రసాదాలకు వేళయినది. పిల్లలు ఇక్కడ ఉంచిన పలకలు, పుస్తకాలు అర్చకులవద్ద ఉన్నాయి. మరచిపోకుండా తీసుకొని వెళ్ళండి.

స్వస్తి.